సముద్రంలోకి వేలు చూపించే ఊరు

మాది ఉప్పాడ. చీరల వల్ల ఆ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా ఊరికి ఇంకో పేరు కూడా ఉంది... సముద్రం తినేస్తున్న ఊరు. చిన్నప్పుడు సాయంత్రాలు ఒడ్డున కూర్చుంటే మా అమ్మమ్మ నీళ్లలోకి వేలు చూపించి, 'అదిగో, ఆ పడవ ఉందే... దానికి కాస్త ఇవతలే మన పాత ఇల్లు' అనేది. అక్కడ అలలు తప్ప ఏమీ ఉండేవి కావు. అయినా ఆవిడ చెబుతుంటే ఇల్లు కనబడేది. వసారా, వేపచెట్టు, అరుగు... అన్నీ.

పోయిన డిసెంబర్లో ఈజిప్టు వెళ్లా. కైరోలో ఉద్యోగం చేస్తున్న మా బావ దగ్గర దిగి, అందరిలాగే పిరమిడ్లు చూసి, అందరిలాగే ఒంటె ముందు సెల్ఫీ తీసుకున్నా. 'ఇంక ఏం చూస్తావురా?' అన్నాడు బావ. అలెగ్జాండ్రియా అన్నాను. 'అక్కడేముంది? లైట్‌హౌస్ పడిపోయింది, లైబ్రరీ పోయింది, అలెగ్జాండర్ సమాధి ఎక్కడుందో ఎవడికీ తెలీదు. లేనివి చూడ్డానికి టికెట్టెందుకు?' అన్నాడు.

నిజమే. ప్రపంచంలో అంత పేరున్న ఊళ్లలో, పేరు తెచ్చిన కట్టడం ఒక్కటీ మిగలని ఊరు బహుశా ఇదేనేమో. కానీ లేని ఇంటిని చూస్తూ పెరిగినవాణ్ని కదా, నాకు అదే కావాలనిపించింది.

కైరోలోని రామ్‌సెస్ స్టేషన్‌లో రైలెక్కితే రెండున్నర, మూడు గంటల్లో దిగొచ్చు. దారి పొడవునా నైలు డెల్టా. కాలవలు, గట్లు, పచ్చటి పొలాలు, మధ్యలో ఖర్జూరం చెట్లు. ఖర్జూరాల బదులు కొబ్బరి చెట్లు పెడితే అచ్చం కోనసీమే. ఊళ్లో దిగాక ఎవరినైనా 'అలెగ్జాండ్రియా' అని అడిగితే అర్థం చేసుకుంటారుగానీ, వాళ్ల నోట్లో మాత్రం అది 'ఇస్కందరియా'.

పెంకుల దిబ్బ కింద

మొదటిరోజు పొద్దున్నే ఫూల్ తిన్నాం. పెద్ద చిక్కుడు గింజల్లాంటివాటిని రాత్రంతా సన్నసెగ మీద ఉడికించి, నూనె, జీలకర్ర, నిమ్మరసం వేసి రొట్టెతో ఇస్తారు. రొట్టెని ఇక్కడ 'ఐష్' అంటారు. ఆ మాటకి బతుకు అని కూడా అర్థమట. మనం అన్నాన్ని పరబ్రహ్మం అంటాం కదా, అలాగన్నమాట.

అక్కణ్నుంచి కోమ్ ఎల్ షొఖాఫా. పేరుకి అర్థం 'పెంకుల దిబ్బ'. మనకీ చాలా ఊళ్లలో ఒక పాటిదిబ్బ ఉంటుంది కదా, తవ్వితే కుండపెంకులు బయటపడుతుంటాయి... అలాంటిదే. ఈ దిబ్బ కింద ఏముందో కనిపెట్టింది శాస్త్రవేత్త కాదు, ఒక గాడిద! 1900 సెప్టెంబర్లో బండి లాగుతూ నేలలోని గోతిలో పడిపోయిందట. చూస్తే అడుగున మూడంతస్తుల సమాధులు.

గుండ్రంగా తిరిగే మెట్లు తొంభైతొమ్మిది. మధ్యలో బావిలాంటి ఖాళీ. శవాన్ని తాళ్లతో కట్టి అందులోంచే కిందికి దించేవారు. బంధువులు మెట్ల మీదుగా దిగి, రాతి అరుగులున్న గదిలో కూర్చుని పోయినవాళ్ల పేరు మీద భోజనాలు చేసేవారు. తిన్న మట్టిపాత్రల్ని తిరిగి ఇంటికి తీసుకెళ్లకూడదని అక్కడే పగలగొట్టేసేవారని, పెంకుల దిబ్బ అలా తయారైందని చెబుతారు. ఇది విన్నాక నాకు మన పెద్దకర్మ భోజనాలు గుర్తొచ్చాయి. రెండో శతాబ్దపు మనుషులు ఒక్కసారిగా బాగా తెలిసినవాళ్లలా అనిపించారు.

అసలు చూడాల్సింది లోపలి గది గుమ్మం. నక్క తలతో ఉండే అనుబిస్ ఈజిప్టు దేవుడు. శవాలకు కాపలా ఆయన పని. ఇక్కడ ఆయనకి రోమన్ సైనికుడి కవచం తొడిగి నిలబెట్టారు. గుమ్మానికి అటూ ఇటూ పాములు. వాటి తల మీద ఈజిప్టు ఫారోల కిరీటం, వాటి పైన గ్రీకుల మెడూసా ముఖం. ముగ్గురు దేవతల ఫొటోలూ ఒకే పటంలో పెట్టుకున్న ఇల్లులా ఉంది. చూసి నవ్వుకున్నాగానీ, ఆలోచిస్తే ఆ కుటుంబం చేసింది తెలివైన పనే. పైలోకంలో ఎవరి పాలన నడుస్తోందో ఎవరికి తెలుసు?

అన్నిటికంటే కింది అంతస్తు చాలాకాలం నీళ్లలోనే ఉండిపోయింది. ఈ ఊరికి సముద్రం ఒక్క ఒడ్డునే కాదు, కిందనుంచి కూడా వస్తుంది. భూగర్భజలాల్ని తగ్గించే పెద్ద ప్రాజెక్టు 2019లో పూర్తయింది. ఆ మెట్ల దగ్గర నిలబడితే మాత్రం గాల్లో తడి తగులుతూనే ఉంది.

బయటికొచ్చి కాస్త నడిస్తే 'పాంపే స్తంభం'. ఎర్ర గ్రానైటు, పీఠంతో కలిపి దాదాపు 27 మీటర్లు. నడిమి భాగం మొత్తం ఒకే రాయి. నైలు మీదుగా అస్వాన్ నుంచి తెచ్చారు. దూరం నుంచి చూస్తే గుడి లేకుండా మిగిలిన ధ్వజస్తంభంలా ఉంటుంది. నిజంగా జరిగింది కూడా దాదాపు అదే. ఇక్కడ సెరాపియం అనే గొప్ప ఆలయం ఉండేది. అలెగ్జాండ్రియా లైబ్రరీకి ఒక శాఖ కూడా ఇందులోనే నడిచింది. ఆలయాన్ని క్రీ.శ. 391లో కూల్చేశారు. స్తంభం మిగిలింది. ఇంకో తమాషా, దీనికీ పాంపేకీ ఏ సంబంధమూ లేదు. డయోక్లీషియన్ చక్రవర్తి గౌరవార్థం మూడో శతాబ్దం చివర్లో నిలబెట్టినది. తర్వాతెప్పుడో వచ్చిన యూరప్ వాళ్లు పాంపే చితాభస్మం పైన ఉందనుకున్నారు. పేరు అతుక్కుపోయింది. 'తప్పు పేరుతో ఇన్ని వందల ఏళ్లు నిలబడిందంటే గట్టిదేరా' అన్నాడు బావ. ఆ రోజు ఆయన మెచ్చుకున్న మొదటి రాయి అది.

తరగతి గదులు, మ్యూజియం

కోమ్ ఎల్ దిక్కా కూడా ఒకప్పుడు దిబ్బే. 1960లో కొత్త కట్టడం కోసం తవ్వడం మొదలుపెడితే రోమన్ కాలపు చిన్న రంగస్థలం బయటపడింది. తెల్లటి పాలరాతి మెట్లు, అర్ధచంద్రాకారంలో పదమూడు వరసలు. అందరూ అక్కడే ఆగి రీల్స్ చేసుకుని వెళ్లిపోతారు. మీరు మాత్రం ఇంకొంచెం పక్కకి నడవండి. గుర్రపు నాడా ఆకారంలో మూడువైపులా రాతి బెంచీలున్న గదులు వరసగా కనిపిస్తాయి. ఇరవైకి పైగానే ఉన్నాయి. మధ్యలో కాస్త ఎత్తుగా ఒక ఆసనం. అవి అయిదు నుంచి ఏడో శతాబ్దం దాకా నడిచిన పాఠాల గదులని పరిశోధకులు చెబుతున్నారు. ఎత్తయిన ఆసనం మాస్టారిది. లైబ్రరీ పోయిందని మనం కళ్లనీళ్లు పెట్టుకుంటాం కదా, ఆ తర్వాత కూడా ఇక్కడ వందల ఏళ్లు పిల్లలు బెంచీల మీద కూర్చుని చదువుకున్నారన్నమాట. వెనక బెంచీ ఏదో చూసుకుని కాసేపు కూర్చున్నా.

గ్రీకో-రోమన్ మ్యూజియం 2005లో మూసేసి, మరమ్మతులు చేసి, మళ్లీ 2023 అక్టోబర్లో తెరిచారు. పద్దెనిమిదేళ్లు! పాత బ్లాగులు చదివి 'అది మూసేశారు' అనుకుని వదిలేయకండి. మీ దగ్గర సగం రోజే ఉంటే మాత్రం ఇదొక్కటే చూడండి. నల్లరాతి ఆపిస్ ఎద్దు ముందు మనవాళ్లెవరికైనా నంది గుర్తురాక మానదు. దాన్ని సెరాపియం దగ్గరే తవ్వి తీశారు. నన్ను ఎక్కువసేపు ఆపింది ఒక మొజాయిక్. రంగురాళ్ల ముక్కలతో చేసిన ఒక స్త్రీ ముఖం. తల మీద కిరీటం ఉండాల్సినచోట ఓడ ముందుభాగం. అది రాణి రెండో బెరెనికే అని చాలామంది అభిప్రాయం. చేసినవాడు సోఫిలోస్ అని తన పేరు కూడా పొదిగాడు. రాణి తలమీద ఓడ పెట్టారంటే, ఈ రాజ్యం దేని మీద బతికిందో ఇంక వేరే చెప్పాలా?

నేషనల్ మ్యూజియం, రాజవంశపు నగల మ్యూజియం కూడా ఉన్నాయి. నగలు చూడాలనే సరదా ఉంటే రెండోది బాగుంటుంది. మాకు లేదు, పైపైన చూసేశాం. గ్రీకు కవి కవాఫీ ఉన్న ఇల్లు ఇప్పుడు చిన్న మ్యూజియం. ఆయన దాదాపు ముప్ఫై ఏళ్లు ఇక్కడి నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. కవులంతా పగలు ఎక్కడో ఒకచోట ఫైళ్లు మోయాల్సిందే కాబోలు.

రాజుగారు బయటికొచ్చారు

రెండోరోజు కొత్త లైబ్రరీ. 2002లో తెరిచిన ఈ భవనం సముద్రంలోంచి పైకి లేస్తున్న సూర్యబింబంలా, 160 మీటర్ల వ్యాసమున్న పళ్లెంలా ఒకవైపు వాలి ఉంటుంది. బయటి గోడంతా అస్వాన్ గ్రానైటు. దాని మీద 120 లిపుల్లోంచి తీసిన అక్షరాలు చెక్కారు. ఎవరి అక్షరాలు వాళ్లు వెతుక్కుంటూ జనం గోడ చుట్టూ తిరుగుతుంటారు. మేమూ తిరిగాం. బావ ఒక గుండ్రటి అక్షరం దగ్గర ఆగి 'ఇది మనదే' అని వాదించాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ గొడవ ఇంకా తేలలేదు.

లోపల రీడింగ్ హాలు పదకొండు అంచెలుగా మెట్లు మెట్లుగా దిగుతుంది. ఎక్కడ కూర్చున్నా పైనుంచి వెలుతురు పడుతుంది. కాలేజీ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని నిజంగానే చదువుకుంటున్నారు, కొందరు నిజంగానే నిద్రపోతున్నారు.

పాత లైబ్రరీ గురించి మనం విన్న కథ ఒకటుంది... ఎవరో ఒకే రాత్రి తగలబెట్టేశారని. చరిత్రకారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. క్రీ.పూ. 48లో సీజర్ యుద్ధంలో మంటలు అంటుకున్నాయి. తర్వాత పోషించే రాజులు తగ్గారు, డబ్బు తగ్గింది, పండితులు వెళ్లిపోయారు. 391లో సెరాపియం కూడా పోయింది. కాలిపోవడం కంటే ఎండిపోవడమే ఎక్కువ జరిగిందన్నమాట. సముద్రం ఊరిని తినడం కూడా అలాగే ఉంటుంది. ఒక తుపాను పేరు అందరికీ గుర్తుంటుందిగానీ, నిజంగా నేల పోయేది మామూలు రోజుల్లోనే.

పుస్తకాలు సంపాదించిన పద్ధతి మాత్రం తమాషాగా ఉండేది. రేవులోకి వచ్చిన ఓడల్లో ఉన్న పుస్తకాల్ని తీసుకుని, నకలు రాయించి, అసలుది ఉంచుకుని నకలు తిరిగి ఇచ్చేవారని వైద్యుడు గాలెన్ రాశాడు. జిరాక్సు ఇచ్చి ఒరిజినల్ ఉంచేసుకున్నట్టు! ఆ లైబ్రరీ అధిపతి ఎరటోస్తనీస్ ఇక్కడ కూర్చునే భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. వేసవిలో ఒక రోజు మధ్యాహ్నం, దక్షిణాన అస్వాన్‌లో నీడ పడదు, అదే సమయానికి ఇక్కడ పడుతుంది. ఆ నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు. కాబట్టి ఈ రెండు ఊళ్ల మధ్య దూరానికి యాభై రెట్లు భూమి చుట్టుకొలత. ఉపగ్రహం లేదు, ఫోన్ లేదు. ఒక నీడ, ఒక లెక్క.

లైబ్రరీ బయట ఒక పెద్ద విగ్రహం నిలబడి ఉంది. ఎర్ర గ్రానైటు రాజు. గ్రీకు వంశంవాడైనా వేషం ఫారోది. ఒళ్లంతా అతుకులు. 1990ల్లో సముద్రం అడుగునుంచి ముక్కలు పైకి తీసి నిలబెట్టారు. రెండో టోలెమీ అని చెబుతారు. ఆ పేరు వినగానే ఆగిపోయా.

ఎందుకంటే ఆ పేరు మన దగ్గరా ఉంది. కర్నూలు జిల్లాలో గుత్తికి దగ్గరగా ఎర్రగుడి అనే ఊరుంది. అక్కడి బండల మీద అశోకుడు తన పద్నాలుగు శాసనాలూ చెక్కించాడు. పదమూడోది కళింగ యుద్ధం తర్వాత పశ్చాత్తాపపడుతూ రాయించింది. అందులో తన ధర్మ విజయం ఎక్కడెక్కడికి చేరిందో చెబుతూ దూరదేశపు యవన రాజుల పేర్లు చెప్పాడు. ఒకడి పేరు 'తులమయ'. అదే టోలెమీ. రెండో టోలెమీ అశోకుడి సమకాలికుడు. మన రాయలసీమ బండల దాకా ఇతని పేరు వచ్చిందని, ఇతనికి ఎవరైనా చెప్పారో లేదో!

బావకి చెప్పా. 'నువ్వు ఎర్రగుడి చూశావా?' అన్నాడు. లేదు. రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. విమానమెక్కి ఈజిప్టు వచ్చాగానీ అక్కడికి వెళ్లలేదు. ఇంకేం మాట్లాడను?

దీపస్తంభం ఎక్కడ?

సాయంత్రం ఖైత్‌బే కోటకి వెళ్లాం. ఊరికి ఒక చివర, సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోట ఉంది. ఇది ఒకప్పుడు ఫారోస్ అనే దీవి. గ్రీకులు నేలకీ దీవికీ మధ్య కట్ట వేశారు. దాని పక్కన ఇసుక మేటలు వేసి వేసి, ఇప్పుడు ఆ కట్టే ఊరైపోయింది. ఈ ఊళ్లో సముద్రం తీసుకున్నదే కాదు, ఇచ్చిన నేల కూడా ఉంది.

ఇక్కడే క్రీ.పూ. 280 ప్రాంతంలో లైట్‌హౌస్ పూర్తయింది. వంద మీటర్లకి పైనే ఎత్తు. పదిహేను వందల ఏళ్లకి పైగా ఏదో ఒక రూపంలో నిలబడింది. భూకంపాలు ఒక్కొక్కటే దెబ్బ తీశాయి. 1303లో వచ్చింది బాగా పెద్దది. 1326లో యాత్రికుడు ఇబ్న్ బతూతా వచ్చేసరికి ఒక పక్క కూలి ఉంది. 1349లో మళ్లీ వచ్చేసరికి గుమ్మం దాకా కూడా ఎక్కలేనంత శిథిలమైంది. 1477లో సుల్తాన్ ఖైత్‌బే అదే చోట కోట కట్టించాడు. చుట్టూ పడి ఉన్న లైట్‌హౌస్ రాళ్లు వాడుకున్నాడు. ప్రహరీలో, గుమ్మాల్లో అక్కడక్కడా ఎర్ర గ్రానైటు తేడాగా కనిపిస్తుంది చూడండి. కోట అంతా తేనెరంగు సున్నపురాయి, మధ్యలో ఆ ఎరుపు.

మిగతా రాళ్లు కోట చుట్టూ నీళ్లలోనే ఉన్నాయి. అవి అందరి కళ్లలో పడిన తీరు వింటే నా గుండె ఝల్లుమంది. 1990ల్లో అలల దెబ్బకి కోట దెబ్బతినకుండా సముద్రంలో సిమెంటు దిమ్మలు వేయడం మొదలుపెట్టారు. అప్పుడు అక్కడ సినిమా తీస్తున్న అస్మా ఎల్ బక్రీ అనే దర్శకురాలు ఆ దిమ్మలు నీళ్లలోని పాత రాళ్ల మీద పడుతున్నాయని గోల పెట్టింది. దాంతో 1994లో జాన్-ఈవ్ అంపెరర్ నాయకత్వంలో గజ ఈతగాళ్లు దిగారు. చూస్తే విగ్రహాలు, స్తంభాలు, స్ఫింక్స్‌లు, వేల రాళ్లు. అంటే, కోటని కాపాడటానికి వేసిన దిమ్మలు లైట్‌హౌస్ మీద పడుతున్నాయన్నమాట. 2025లో గుమ్మపు కమ్ములు, గడపల్లాంటి 22 పెద్ద రాళ్లని పైకి తీశారు. కొన్ని ఒక్కొక్కటి 70, 80 టన్నులట. స్కాన్ చేసి, కంప్యూటర్లో లైట్‌హౌస్‌ని మళ్లీ పేర్చి చూస్తున్నారు.

కోట లోపల ఒక గార్డు ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. బావ అరబిక్‌లో అడిగితే మమ్మల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నీళ్లలోకి వేలు చూపించాడు. ఇక్కడ లైట్‌హౌస్ రాళ్లు. అదిగో, అటు తూర్పు రేవులో, క్లియోపాత్రా వాళ్ల రాజభవనాలు ఉన్న దీవి. భూకంపాలకి కుంగి మునిగిపోయింది. అదిగో... అదిగో... అచ్చం అమ్మమ్మలాగే. ఆ వేలి చివర అలలు తప్ప ఏమీ లేవు.

బయటికొచ్చి గోడ మీద కూర్చున్నాం. గాలి బాగా విసురుగా ఉంది. చలికాలంలో ఇక్కడ వచ్చే గాలివానల్ని 'నవ్వా' అంటారు. మన తుపాన్లలా ఏటా కొత్త పేర్లుండవు. ప్రతి ఏడూ దాదాపు అదే తేదీల్లో వచ్చేదానికి అదే పేరు. నవంబర్లో వచ్చేది 'మక్‌నసా', అంటే చీపురు. మత్స్యకారులు ఆ క్యాలెండరు చూసుకునే వేటకి వెళ్తారు. కోట దగ్గర్లోని అన్‌ఫూషీలో చెక్క పడవలు ఇంకా ఒడ్డునే తయారుచేస్తారు. అక్కడి మార్కెట్లో కవళ్ల లాంటి చేపలు చూసి ప్రాణం లేచొచ్చింది. మనం ఎంచుకున్న చేపని కాల్చి, బాగా వేయించిన ఉల్లిపాయలతో వండిన గోధుమరంగు అన్నంతో పెడతారు. దాని పేరు సయ్యాదియా. మసాలా తక్కువే, కానీ చేప తాజాది. కారు డ్రైవరు రెట్టింపు డబ్బులు గుంజిన బాధ ఆ ముద్దతో పోయింది.

(వెళ్లేవాళ్లకి: టికెట్లకు చాలాచోట్ల కార్డే అడుగుతున్నారు, దగ్గర పెట్టుకోండి. సాయంత్రం తొందరగా మూసేస్తారు. కారెక్కే ముందే రేటు మాట్లాడుకోండి. రెండు రోజులు సరిపోతాయి, మూడైతే హాయి.)

గోడ మీద కూర్చునే అమ్మకి వీడియో కాల్ చేశా. పక్కనే అమ్మమ్మ. కెమెరా తిప్పి కోట చూపించా, జెండా చూపించా, సముద్రం చూపించా. అమ్మ 'బాగుంది, బాగుంది' అంటోంది. అమ్మమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని కళ్లు చికిలించి చూసింది. ఆవిడ చూస్తున్నది కోటని కాదు. కోట కింద వరసగా పేర్చిన సిమెంటు దిమ్మల్ని.

'ఏరా, అక్కడ కూడా రాళ్లేశారా?'

'వేశారు అమ్మమ్మా.'

'ఆగుతోందా మరి?'

ఒక పెద్ద అల వచ్చి దిమ్మల మీద పగిలి, తుంపర ఫోన్ మీద పడింది. బావ నా జేబులోంచి రుమాలు తీసి స్క్రీన్ తుడుస్తున్నాడు. 'నీళ్లు ఉప్పగానే ఉన్నాయా?' అంటోంది అమ్మమ్మ అటువైపు నుంచి.